చేతి మీద మిగిలిన పేరు

మా తమ్ముడి పేరుకి రెండు ముక్కలు. ముందు ముక్క బందరులో మా పేటని ఆనుకుని ఉన్న సాయిబుల వీధి పీరుది, వెనక ముక్క మా తాతది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇది తెలియకపోతే తర్వాత మాకు జరిగింది ఎవరికీ అర్థం కాదు.

నా తర్వాత మా అమ్మకి ఇద్దరు మగపిల్లలు పుట్టి పురిట్లోనే పోయారు. మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు పీర్ల పండగ వచ్చింది. పీరుని ఎత్తుకుని వచ్చిన మనిషి కాళ్ళ మీద బిందెడు నీళ్ళు కుమ్మరించి, ఈ బిడ్డ నిలబడితే నీ పేరే పెట్టుకుంటానని మొక్కుకుంది అమ్మ. బిడ్డ నిలబడ్డాడు. పేరు పెట్టింది. మా పేటలో అప్పట్లో అలాంటి పేర్లు చాలా ఇళ్ళల్లో ఉండేవి, ఎవరూ వింతగా చూసేవాళ్ళు కాదు. మేం సముద్రం మీద చేపలు పట్టి బతికేవాళ్ళం. గంగమ్మకీ మొక్కుతాం, పీరుకీ మొక్కుతాం. మనిషి ప్రాణాలతో ఒడ్డుకొస్తే ఇద్దరికీ చెల్లిస్తాం. ఎవరి వల్ల వచ్చాడో తేల్చుకుని మొక్కు మిగుల్చుకునే తెలివితేటలు మా వాళ్ళకి లేవు.

ప్రతి పీర్ల పండక్కీ తమ్ముణ్ణి ఫకీరుని చేసేవాళ్ళు. మెడలో ఆకుపచ్చ దారం, భుజాన జోలె. ఇంటింటికీ తిరిగి ముష్టెత్తుకుని రావాలి, వచ్చిన బెల్లంతో పానకం కలపాలి. వీడు బెల్లం ముక్కలన్నీ దారిలోనే బొక్కేసి ఖాళీ జోలెతో వచ్చేవాడు. పీర్ల చావిడి చూసుకునే ముజావరు మావయ్య తల పట్టుకుని, "ఈ ఫకీరుని పెట్టుకుంటే పీరుకే పస్తులమ్మా" అనేవాడు. మావయ్య అంటే మాకు చుట్టమేం కాదు. అమ్మ ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది కాబట్టి మాకు మావయ్య. తమ్ముడి జబ్బకి తాయెత్తు కట్టింది ఆయనే.

నడుముకి కట్టింది మాత్రం అమ్మ. మా ఇళ్ళల్లో మగపిల్లాడికి మొలతాడు కట్టేటప్పుడు తండ్రి వలలోంచి ఒక సీసం గుండు తీసి దానికి గుచ్చుతారు. వల నీళ్ళలోకి దిగడానికి కట్టే గుండు అది, బఠాణీ గింజంత ఉంటుంది. ఎందుకు కడతారని అడిగితే "కట్టాలి, అంతే" అంటారు. తాడు పాతబడితే మారుస్తారు గానీ గుండు మారదు. మా నాన్న జబ్బు చేసి పోయాక ఇంట్లో ఆయన వల కూడా మిగల్లేదు, తమ్ముడి నడుముకున్న ఆ గుండు మిగిలింది.

బడిలో వేసే రోజున అక్కడి మాస్టారు పేరు విని కళ్ళద్దాలు తీశారు. "ఇదేం పేరమ్మా, అటూ కాదు, ఇటూ కాదు. రేపు సర్టిఫికెట్ల దగ్గర పిల్లాడు ఇబ్బంది పడతాడు" అని ముందు ముక్క తీసేసి వెనక ముక్క ఒక్కటే రాసుకున్నారు. ఆయన మంచి ఉద్దేశంతోనే చేశారు. అప్పట్నుంచి రేషన్ కార్డులో, ఆధార్‌లో, బ్యాంకులో వాడు మా తాత పేరుతోనే ఉన్నాడు. ఇంట్లో, రేవులో, బోటు మీద మాత్రం పీరు పేరుతోనే పిలిచేవాళ్ళు. బోటెక్కడం మొదలుపెట్టాక ఒక తిరనాళ్ళలో ముంజేతి మీద మొత్తం పేరు పచ్చబొట్టు పొడిపించుకుని వచ్చాడు. సముద్రం మీదికి వెళ్ళే కుర్రాళ్ళు చాలామంది పొడిపించుకుంటారు. ఎందుకో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగరు. అమ్మ ఆ చెయ్యి చూసి ఆ పూటంతా వాడితో మాట్లాడలేదు.

నేను చదువుకుని గుడివాడలో లెక్కల టీచరునయ్యాను. అక్కడే పెళ్ళి, అక్కడే కాపురం. స్టాఫ్ రూములో కొత్తగా చేరినవాళ్ళని ముందు అడిగే మాట ఒకటుంటుంది. "మీరేమిట్లండీ?" అని, అంటే ఏ కులమని, ఎంతో మర్యాదగా, టీ కప్పు చేతికిస్తూ అడుగుతారు. చెప్పాక, "అలాగా అండీ" అని కప్పు వంక చూస్తారు. ఒకసారి నేను ఫోన్లో తమ్ముణ్ణి పేరు పెట్టి పిలవడం విని ఒకావిడ, "మీ తమ్ముడు సాయిబుల్లో కలిశాడాండీ?" అంది. నాకు ముక్కు మీద కోపం. "వాడు మా అమ్మ కడుపునే పుట్టాడండీ, ఎవర్లోనూ కలవలేదు" అన్నాను. ఆవిడ నాతో మాటలు తగ్గించుకుంది, అది నాకు లాభమే అనుకున్నాను.

కొన్నేళ్ళుగా మా వైపు పీర్లు లేవడం లేదు. మా పేట కుర్రాళ్ళు కొందరు ఆ పండగ మనకెందుకన్నారు. సాయిబుల వీధి కుర్రాళ్ళు కొందరు అసలిది మన మతంలోనే లేదన్నారు. మంచినీళ్ళ పంపు దగ్గర కూడా ఎప్పుడూ ఒక్క మాట మీద నిలవని రెండు వీధులు ఈ విషయంలో ఏకమయ్యాయి. చావిడికి తాళం పడింది. ముజావరు మావయ్య ఆ తాళానికి వీపు ఆనించుకుని అరుగు మీద కూర్చుని ఉండేవాడు. నేను ఊరికి వెళ్ళినప్పుడల్లా పెడన దాటాక రైల్లోంచే ఇంటి గురించి ఆలోచించేదాన్ని, ఆయన గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

పోయినేడు వాన రోజుల్లో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తమ్ముడి బోటు తిరగబడింది. తోటివాళ్ళు ఈదుకుంటూ ఒడ్డు పట్టారు. వాడు రాలేదు. రేవులో బోట్లన్నీ వెతికాయి. వల దొరికింది, నీళ్ళ డబ్బా దొరికింది.

శవం కనపడలేదు కాబట్టి కొడుకు పోలేదని అమ్మ. మా తమ్ముడికి ఒక వింత అలవాటు ఉండేది. పగలూ రాత్రీ ఉప్పునీళ్ళలో నానే మనిషి, ఇంటికొస్తే చన్నీళ్ళు ముట్టుకునేవాడు కాదు. ఎండాకాలంలో కూడా కాగులో నీళ్ళు పొగలు కక్కాల్సిందే. "సముద్రానికి లేని చలి నీకు దొడ్లో వేస్తుందిరా" అని అమ్మ తిట్టేది, తిడుతూనే పొయ్యి రాజేసేది. వాడు కనపడకుండా పోయిన రోజు నుంచి కూడా పొద్దు వాలగానే పెరట్లో కాగు కింద పుల్లలు అంటించేది. పొద్దుపోయాక వేడినీళ్ళు చల్లారిపోయేవి. మా మరదలు, తమ్ముడి భార్య, వాటిని అరటి మొదట్లో పోసి మర్నాటికి కాగు నింపి పెట్టేది. వాళ్ళిద్దరూ ఆ విషయం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. చూస్తున్న నాకు మాత్రం పిచ్చెక్కేది. వాడు లేడని ఒకసారి గట్టిగా అరవాలనిపించేది, అరిస్తే నిజమైపోతుందని నోరు మూసుకునేదాన్ని.

నేను సెలవు పెట్టి ఆసుపత్రులు తిరిగాను. బందరు అయ్యాక దివిసీమ వైపు వెళ్ళాను. ఒక ఊళ్ళో పెద్దాసుపత్రి మార్చురీ దగ్గర కిటికీ వెనక ఒకాయన కూర్చుని ఉన్నాడు. పేరు అడిగాడు. గవర్నమెంటు కిటికీ దగ్గర పేరడిగితే ఎవరైనా ఏం చేస్తారు, ఆధార్ జిరాక్సు అందించాను. మా తాత పేరు చదువుకున్నాడు.

"హిందువులేగా అమ్మా?"

"అవునండీ."

"అయితే మీవాడు లేడిక్కడ. ఒడ్డుకొచ్చినది ఒకటుంది గానీ అది సాయిబు శవం. వాళ్ళ పెద్దలకి కబురెళ్ళింది, వచ్చి తీసుకెళ్తారు."

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ కిటికీ ముందే చేతులు జోడించి గంగమ్మకి దండం పెట్టుకున్నాను. పాపం ఎవరో సాయిబుల తల్లి అని జాలి కూడా పడ్డాను. బస్టాండులో కాఫీ తాగాను. ఇంటికి వచ్చి, "దివిలో కూడా లేడమ్మా" అని చెప్తే అమ్మ ముఖంలోకి రక్తం వచ్చింది, ఆ పూట ఇంకాస్త పెద్ద మంట పెట్టింది.

చిన్నాన్న, అంటే మా నాన్న తమ్ముడు, పేటలో నలుగురికి చెప్పగల మనిషి. ఆయన కులపెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. శవం దొరకనివాళ్ళకి దర్భగడ్డితో బొమ్మ చేసి దహనం చేస్తారు, అది మాలో ఉన్నదే. అది చేస్తే ఆత్మ తిరగదు, ఇంటికి అరిష్టం ఉండదు, కోడలి సంగతి కూడా ఒక దారిన పడుతుంది అన్నాడు. కోడలి సంగతి అంటే గాజులు, బొట్టు. మరదలు తలుపు వెనక నిలబడి వింటోంది.

"నా కొడుకు గడ్డి కాదు" అంది అమ్మ. వాళ్ళు కాఫీ కూడా తాగకుండా లేచి వెళ్ళారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక ఉదయం ముజావరు మావయ్య వచ్చాడు. ఎప్పుడూ సరాసరి వంటింటి గుమ్మం దాకా వచ్చి కూర్చునే మనిషి వీధి గేటు దగ్గరే ఆగిపోయాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నేనే గేటు దాకా వెళ్ళాను.

"అమ్మాయీ, దివిలో మా తోడల్లుడి ఊళ్ళో ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనిషిని మావాళ్ళు మట్టి చేశారంట. జబ్బకి తాయెత్తు ఉందంట. ముంజేతి మీద పేరుందంట" అని, ఆ పేరు చెప్పాడు. పీరు పేరు. "దాని వెనక ఇంకా ఏవో అక్షరాలు ఉండేవంట, తోలు ఊడిపోయి కనపడలేదంట."

కాగితాల్లో ఉంచని ముక్కని ఉప్పునీళ్ళు ఉంచాయి. నేను ఆ కిటికీ దగ్గర దండం పెట్టుకున్నప్పుడు మా తమ్ముడు గోడకి అవతల పక్కన ఉన్నాడు. పేరడిగితే కాగితం మీది పేరు ఇచ్చాను, వాడి చేతి మీది పేరు చెప్పాలని నాకు తట్టలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలిస్తే బాగుండును.

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "ఆ పేరు ఊరికి పదిమందికుంది. వాడు కాదని చూసొద్దాం పదండి" అంది. మరదలికి కూడా అదే చెప్పింది. నేనూ, అమ్మా, చిన్నాన్నా, ముజావరు మావయ్యా బయల్దేరాం. బస్సులో చిన్నాన్న ముందు సీట్లో కూర్చున్నాడు, మావయ్య చివరి సీట్లో. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ, అవనిగడ్డ, నాగాయలంక. అమ్మ దారి పొడుగునా వాడు కాడనడానికి కారణాలు చెప్తూనే ఉంది. నాగాయలంకలో దిగి ఆటో ఎక్కితే అటూ ఇటూ రొయ్యల చెరువులు, వాటిలో చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. ఆ చప్పుడుకి అమ్మ మాటలు వినపడలేదు, అయినా ఆపలేదు.

ఊరి చివర చిన్న మసీదు, దాని వెనక గోరీల దొడ్డి, చుట్టూ ముళ్ళకంచె. శవానికి స్నానం చేయించిన పెద్దాయన మసీదు పక్కింట్లోనే ఉంటాడు. మా కోసం కుర్చీలు వేయించాడు. నీళ్ళిచ్చాడు. చిన్నాన్న తాగలేదు. అమ్మ తాగింది.

"ఇంకేమైనా గుర్తు ఉందా అండీ?" అని నేనే అడిగాను. అడగకుండా వెనక్కి వెళ్ళిపోతే బాగుండుననీ అనిపించింది.

ఆయన తన నడుము మీద చెయ్యి పెట్టి చూపించాడు. "మొలతాడు ఉందమ్మా. దానికి చిన్న సీసం గుండు."

అమ్మ ఏడవలేదు. కుర్చీ చేతిని పట్టుకుంది. ఆటోలో చెప్పుకుంటూ వచ్చిన కారణాలన్నీ ఆవిడ ముఖంలోంచి పోవడం నేను చూశాను.

చిన్నాన్న లేచి నిలబడ్డాడు. "మొలతాడు చూశారుగా. స్నానం చేయించేటప్పుడు ఇంకా తెలుస్తుందిగా, మీవాడా కాదా అని. తెలిసీ ఎలా పూడ్చారండీ?"

"తెలుసండీ" అన్నాడు పెద్దాయన. "మావాడు కాదని నీళ్ళు పోసేటప్పుడే తెలిసింది. ఆసుపత్రిలో మావాడని ఇచ్చేశారు. వెనక్కి తీసుకెళ్తే ఎవరివాడని ఇవ్వాలి? అప్పటికే ఒళ్ళు నిలిచేట్టు లేదు. నాకూ కొడుకులున్నారు."

"మొలతాడు తీసేశారా?" అమ్మ అడిగింది. అక్కడికి వచ్చాక ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది.

"మా కుర్రాళ్ళు తీసేయమన్నారమ్మా. దేనితోనూ పోకూడదు మాలో. కానీ తల్లి కట్టింది తీయడానికి నేనెవర్నని ఉంచేశాను."

వాకిట్లో ఒక యువకుడు నిలబడి ఇదంతా వింటున్నాడు. మసీదు పనులు చూసే వాళ్ళలో ఒకడట. మర్యాదగానే మాట్లాడాడు. "పెద్దాయన మాకు చెప్పలేదండీ. మాకిప్పుడే తెలిసింది. మీవాణ్ణి మీరు తీసుకెళ్తామంటే మేం అడ్డం చెప్పం. ఆఫీసర్ల దగ్గర పర్మిషన్ కావాలంటే సంతకం పెడతాం" అన్నాడు. చిన్నాన్న వెంటనే, "తీసుకెళ్తాం. సాయిబుల గోరీల్లో ఎలా వదిలేస్తాం మనిషిని? తీసి, కాల్చి, కర్మ చేసుకుంటాం" అన్నాడు. అంత చక్కగా ఒకరి మాట ఒకరు అందుకుంటుంటే నాకు తాళం వేసిన చావిడి గుర్తొచ్చింది. వీళ్ళకీ వద్దు, వాళ్ళకీ ఇలా వద్దు. ముప్పై ఏళ్ళు ఒక ఒంటి మీద తాయెత్తూ మొలతాడూ ఎవరికీ అడ్డం లేకుండా ఉన్నాయి. మనిషి చచ్చాక అవి రెండూ పడకుండా పోయాయి.

అమ్మ ఇవేవీ విన్నట్టు లేదు. పెద్దాయన వైపు తిరిగి అడిగింది. "అన్నయ్యా, వాడికి పోసిన నీళ్ళు చన్నీళ్ళా, వేడినీళ్ళా?"

ఆయనకి అర్థం కాలేదు. అమ్మ వంకా, నా వంకా చూశాడు.

"గోరువెచ్చనివమ్మా" అన్నాడు చివరికి. "రేగాకు వేసి కాచి పోస్తాం. మా ఇంట్లోనే కాచారు."

అమ్మ తలూపింది. చాలాసేపు అలా ఊపుతూనే ఉంది. తర్వాత చిన్నాన్నతో అంది. "తవ్వొద్దు. వాడికి చలి ఎక్కువ. ఒకసారి వెచ్చగా నీళ్ళు పోయించుకుని పడుకున్నాడు. మళ్ళీ లేపి వానలో పెట్టొద్దు."

"వదినా, కర్మ జరగాలిగా. ఇలా వదిలేస్తే మనవాళ్ళెవరూ గడప తొక్కరు. నేను కూడా రాలేను."

"రావద్దు" అంది అమ్మ.

ఆ యువకుడు ఇబ్బందిగా కదిలాడు. కమిటీలో మాట్లాడాలి, నేనొక్కణ్ణి చెప్పేది కాదు అన్నాడు. వాళ్ళు ఏమన్నారో ఇప్పటికీ మాకు తెలియదు. ఇప్పటివరకు ఎవరూ వచ్చి అడగలేదు. ఆ మట్టి అక్కడ అలాగే ఉంటుందని నాకు నమ్మకం లేదు. ఫోన్ మోగి, తెలియని నంబరు కనపడితే ఆ కమిటీవాళ్ళేమో అనుకుంటాను.

గోరీల దొడ్డి లోపలికి ఆడవాళ్ళు వెళ్ళకూడదట. మాలోనూ ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు, కాబట్టి వాదించడానికి కూడా నాకు దారి లేకపోయింది. ముళ్ళకంచె బయట నిలబడి చూశాం. చివరి వరసలో ఇంకా గడ్డి మొలవని మట్టి. పెద్దాయన లోపలికి వెళ్ళి దాని పక్కన నిలబడి, ఇదేనమ్మా అన్నట్టు చెయ్యి చూపించాడు. ముజావరు మావయ్య కూడా వెళ్ళి కూర్చుని మట్టి సర్దాడు. బెల్లమంతా తినేసిన ఫకీరు దగ్గర అలా కూర్చున్నాడు. అమ్మ కంచె మీంచి చెయ్యి చాపింది. అందేంత దూరమా అది. ముళ్ళు గీసుకుని చెయ్యి నెత్తురోడింది. నేను పట్టుకుని లాగితే, "ఉండవే" అని విసుక్కుంది.

తిరిగి వచ్చేటప్పుడు చిన్నాన్న వేరే బస్సెక్కాడు. అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. మరదలికి ఫోన్ చెయ్యాలి. పులిగడ్డ దగ్గర తీశాను, చల్లపల్లిలో తీశాను, చెయ్యలేకపోయాను. లెక్కల టీచర్ని నేను, పిల్లలకి ఏది ఎంతో చెప్పడమే నా పని. ఆ పిల్లకి ఏం చెప్పాలో నాకు ఒక్క మాట దొరకలేదు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. పేటలో అప్పటికే కబురు చేరినట్టుంది. అరుగుల మీద వాళ్ళు మమ్మల్ని చూసి లోపలికి వెళ్ళారు. మా ఇంటి గుమ్మం దాకా ఎవరూ రాలేదు. మరదలికి చెప్పడానికి కూడా రాలేదు.

అమ్మ వీధి గుమ్మం ఎక్కలేదు. పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళి, స్నానాల నాపరాయి మీద కట్టుకున్న చీరతోనే కూర్చుంది. చావుకి వెళ్ళొచ్చినవాళ్ళు తలమీద నీళ్ళు పోసుకోకుండా ఇంట్లోకి రారు. అన్నాళ్ళుగా ఎవరెంత చెప్పినా ఆ నీళ్ళకి ఒప్పుకోని మనిషి తనంతట తనే వెళ్ళి కూర్చుంది.

మరదలు వంటింట్లోంచి వచ్చింది. అత్తయ్య లేరు కదాని ఆ పూట తనే కాగు కింద మంట పెట్టింది. నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. అమ్మ అలసిపోయి స్నానానికి కూర్చుందనుకుంది. చెంబు తీసి కాగులో ముంచింది.

"వాడు కాదుగా అత్తయ్యా?" అంది.

"ఆ నీళ్ళు కాదమ్మా" అంది అమ్మ. "చన్నీళ్ళు పొయ్యి."

మరదలు నిండు చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వేడినీళ్ళు తొణికి వేళ్ళ మీద పడుతున్నా కింద పెట్టలేదు. నేను వెళ్ళి తన చేతిలోంచి చెంబు తీసుకుని, కుళాయి కింద బకెట్టు పెట్టాను. అది నిండేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం. తర్వాత నేను అమ్మ తల మీద పోశాను. అమ్మ చలికి వణికింది. కాగు కింద పుల్లలు ఇంకా మండుతున్నాయి, ఎవరూ లాగెయ్యలేదు.